ఊపిరి పట్టీ

మెడకు పట్టీలు కట్టిన మొదటి రోజు, మొదటి కూతకే దాలినాయుడు ఔటయ్యాడు. అతన్నెవరూ పట్టుకోలేదు, అతను గీత తొక్కలేదు. తొమ్మిదో సెకనులో, రెండు "కబడ్డీ"ల మధ్య సందు చూసుకుని, చెంచాడు గాలి లోపలికి లాక్కున్నాడు. మెడ మీది పట్టీ కీచుమంది. స్తంభం మీద ఎర్రదీపం వెలిగింది. పదేళ్లుగా కూతకు వెళ్తున్న మనిషి, అవతలి కోర్టు మధ్యలో నిలబడి తన మెడ తానే తడుముకున్నాడు. ఇరవై వేల మంది జనం ఏం జరిగిందో తెలియక పక్కవాళ్లను అడుగుతున్నారు.

కోర్టు పక్కన బల్ల దగ్గర కూర్చున్నదాన్ని నేను. ఆ పట్టీ నాది. నా పేరు పైడితల్లి. ఆఫీసులో "తల్లి మేడమ్" అంటారు, భయమో ఎగతాళో నాకిప్పటికీ తెలియదు.

తూర్పు తీర కబడ్డీ లీగ్‌కు మధురవాడలో ఒక నియమాల ప్రయోగశాల ఉంది. పేరు పెద్దది, ఉండేది మాత్రం పాత చేపల గిడ్డంగిలో. కొత్త నియమం ఏది పెట్టాలన్నా ముందు అక్కడ జీతానికి ఆడే పద్నాలుగు మంది మీద పెట్టి చూస్తాం. జనం ఎంత అరుస్తున్నారో కొలిచే ముల్లు ఒకటి ఉంటుంది. దాన్ని మేం హుషారు ముల్లు అంటాం. నియమం మారితే ఆట ఎటు తిరుగుతుందో, ముల్లు ఎటు తిరుగుతుందో రాసి పైవాళ్లకు పంపడం నా ఉద్యోగం. ఒక ఏడాది కోర్టును రెండు అడుగులు పెంచి చూశాం. ఎవరూ ఎవరికీ అందక, రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు. ఆ నియమం గిడ్డంగి దాటలేదు.

పట్టీ దాటింది. ఎందుకంటే అది కొత్త నియమం కాదు, ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతది. ఒక్క ఊపిరితో వెళ్లాలి, ఆ ఊపిరితోనే తిరిగి రావాలి. ఈ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. పాటించేవాడు మాత్రం లేడు. అంత గోలలో రిఫరీ చెవికి ఏం వినిపిస్తుంది? ఓడినవాళ్లు రిఫరీని తిట్టడం, గెలిచినవాళ్లు దేవుడి మీద ఒట్లు వేయడం మామూలైపోయింది. ఈ దొంగ ఊపిరి పట్టుకునే యంత్రం కావాలని లీగ్ అడిగింది. రెండేళ్లు కష్టపడి చేశాను. గొంతు ఎముక మీద ఆనుకుని, లోపల కూత ఎలా మోగుతుందో వింటుంది. తేడా వస్తే కూస్తుంది.

తప్పు పట్టుకోవాలంటే యంత్రానికి ముందు ఒప్పేదో చూపించాలి. ఎన్నడూ కూత తెగని గొంతు ఒకటి కావాలి. నేను వెతుక్కోనక్కర్లేకపోయింది. మా తమ్ముడు గౌరీశు అనకాపల్లి జట్టుకు ఆడతాడు. ముప్ఫై నాలుగేళ్లు. వాడి కూత తెగదని శ్రీకాకుళం నుంచి భీమవరం దాకా ఎవర్నడిగినా చెబుతారు. రిఫరీలే చెబుతారు. రెండు వేసవులు వాణ్ని గిడ్డంగికి రప్పించి ఆరువందల కూతలు పెట్టించాను. పద్నాలుగు మంది చప్పట్లు కొట్టారు. ఇదీ ఒప్పు, దీనిలా లేనిదంతా తప్పు అని యంత్రానికి చెప్పాను.

తప్పెక్కడుందో చదివేవాళ్లకు ఈపాటికి తెలిసిపోయి ఉండొచ్చు. నాకు నాలుగు నెలలు పట్టింది.

ఆ నాలుగు నెలల్లో ఆట మారిపోయింది. మనిషి పరిగెడుతూ, ఒంగుతూ, నిజంగా ఒక్క ఊపిరితో కూత పెడితే పదీ పన్నెండు సెకన్లు. అంతకుమించి రాదు. ఇది అందరికంటే ముందు పట్టుకునేవాళ్లకు అర్థమైంది. వాళ్లు వెనక గీత దాకా జరిగి చేతులు కట్టుకుని నిలబడటం మొదలుపెట్టారు. లోపలికి రారా నాయనా, వస్తే నీ ఊపిరి అయిపోతుంది, మేం ఎక్కడికీ పోము. కూతకొచ్చినవాడు బోనస్ గీత వైపు ఓ చూపు చూసి వెనక్కి పోతాడు. రెండు కూతలు ఖాళీ. మూడోది చావో రేవో, పాయింటు తేకపోతే ఔట్. అప్పుడు మాత్రం గభాలున వెళ్లి ఎవరి మీదో పడతాడు. కోచ్‌లు ఆటగాళ్లకు ఒడుపులు నేర్పడం మానేసి లెక్క నేర్పారు. ఆట న్యాయంగా జరుగుతోంది. జనం మాత్రం ఫోన్లు చూసుకుంటున్నారు. హుషారు ముల్లు ముప్ఫై దగ్గర కునుకు తీస్తోంది.

ఒక్క గౌరీశు కూతకు వెళ్లినప్పుడు తప్ప. వాడు ఇరవై, ఇరవై ఆరు సెకన్లు అవతల కోర్టులో తిరిగేవాడు. మూలన ఉన్నవాణ్ని కవ్వించి, గొలుసులా చేతులు పట్టుకున్నవాళ్ల మధ్య దూరి, చీలమండ పట్టుకుంటే ఈడ్చుకొచ్చేవాడు. పట్టీ కిక్కురుమనేది కాదు. ముల్లు ఎనభైకి వెళ్లేది. వాడు బయటికి రాగానే మళ్లీ ముప్ఫై. అనకాపల్లి జట్టు వరసగా తొమ్మిది మ్యాచ్‌లు గెలిచింది.

నాకెంత గర్వంగా ఉండేదో దాచుకోను. లోకమంతా దొంగలని యంత్రం చెబుతోంది, మా ఇంటివాడు ఒక్కడే దొర అనీ చెబుతోంది. ఆ యంత్రం నేనే చేశాను. కాకి పిల్ల కాకికి ముద్దు అన్న సామెత నాకప్పుడు గుర్తు రాలేదు.

ఒక మధ్యాహ్నం దాలినాయుడు గిడ్డంగికి వచ్చాడు. ఒక్క సీజన్‌లో మూడుసార్లు ఊపిరి దొంగతనం పడితే ఆ సీజనూ, తర్వాతిదీ బయటే. అతనికి మూడూ అయిపోయాయి. ముప్ఫై ఒక్కేళ్లవాడు. తిరిగి వచ్చేసరికి అతన్ని తీసుకునే జట్టు ఉండదు.

"మేడమ్‌గారూ, నేను గాలి పీల్చినాను. కాదనను," అన్నాడు, కుర్చీ చూపించినా కూర్చోకుండా. "పదేళ్లుగా పీలుస్తన్నాను, అందరూ పీలుస్తన్నారు. పట్టీ వొచ్చినాక మానీడానికి చూసినాను, వొంటికలవాటైపోయింది, మూడుసార్లు జారిపోయింది. దానికి శిక్ష ఏసుకోండి. కానీ ఒక్కమాట. ఇరవయ్యారు సెకన్లు, అంతలా గెంతుతూ, ఊపిరి లేకండా మనిషి ఉండగలడా? గౌరీశుకీ రెండే కదేటి ఊపిరితిత్తులు?"

"యంత్రానికి చుట్టరికాలుండవు నాయుడూ," అన్నాను. నాకు కోపం వచ్చింది.

"యంత్రానికి ఉండవు," అన్నాడతను. దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ పూట వేరే పని చేయలేకపోయాను. తమ్ముడి కూతల గీతలు తెర మీద పరిచి చూశాను. ప్రతి ఏడెనిమిది సెకన్లకు ఒకచోట వాడి గొంతు కొంచెం సన్నబడుతోంది. ఒక "డ్డీ" బొంగురుగా, పాత తలుపు తీసినట్టు వస్తోంది. చప్పుడు మాత్రం ఆగడం లేదు. అలసటేమో అనుకున్నాను. అలసట అయితే అంత వరసగా రాదని కూడా అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే అనకాపల్లి వెళ్లాను. మరదలు నూకరత్నం దేవుడి గూట్లో అగరొత్తి వెలిగించి వంటింట్లోకి వెళ్లింది. గౌరీశు నేల మీద కాళ్లు చాపుకుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు.

"ఒరే, ఆ అగరొత్తి ముందు కూర్చుని ఒక కూత పెట్టరా," అన్నాను.

"దేవుడి ముందర కబడ్డీ ఏటప్పా?" అని నవ్వాడు. అయినా జరిగి కూర్చున్నాడు. మా వైపు అక్కను అప్ప అంటారు, అప్ప చెప్పింది వాడు ఎప్పుడూ చేస్తాడు.

కూత మొదలుపెట్టాడు. పొగ వాడి నోటి నుంచి దూరంగా, గోడ వైపు పోతోంది. ఒకటి, రెండు, మూడు, ఆరు. ఏడో సెకను దగ్గర గొంతు సన్నబడింది. పొగ ఆగింది, వెనక్కి తిరిగింది, సన్నగా సాగి వాడి నోట్లోకి వెళ్లిపోయింది. కూత ఆగలేదు. మళ్లీ గొంతు లావైంది, పొగ గోడ వైపు తిరిగింది. వాడికి దగ్గు వచ్చి ఆపేశాడు.

"ఏటప్పా, పొగ లోపలికొచ్చీసింది?"

"మళ్లీ పెట్టు. ఈసారి పొగ చూస్తూ పెట్టు."

మళ్లీ పెట్టాడు. మూడోసారి కూడా పెట్టాడు. వాడు గాలి లోపలికి పీలుస్తూనే మాట పలుకుతున్నాడు. మనలో ఎవరైనా ప్రయత్నిస్తే పలకగలం, కాస్త బొంగురుగా వస్తుంది. వాడికి పలుకుతున్నట్టే తెలియదు.

తెలియకపోవడానికి కారణం మా నాన్న. వంశధార ఇసుకలో మా ఊరి పిల్లలందరికీ చెడుగుడు నేర్పింది ఆయనే. మా ఊళ్లో ఆటకు ఒకటే నియమం, కూత ఆగకూడదు. ఊపిరి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆగితే వీపు మీద చింత బరికె పడేది. బరికెకు భయపడి ఆరేళ్ల పిల్లాడి గొంతు ఒక దారి వెతుక్కుంది. నేను చదువులో పడ్డాను కాబట్టి నాకా విద్య అబ్బలేదు. పుస్తకంలో ఊపిరి అని రాసి ఉంటే, మా ఊళ్లో దాన్ని చప్పుడు అని చదువుకున్నాం. ఆ చదువునే ఇరవై ఏడేళ్ల తర్వాత నేను యంత్రానికి నేర్పాను.

"అయితే నాను దొంగనేటి?" అన్నాడు గౌరీశు.

"దొంగవి కాదు. నీకు తెలీదు కదా."

"దాలినాయుడికి తెలుసేటి, ఆ గాలి ఎప్పుడు పీలుస్తన్నాడో? ఆడిదీ అలవాటే."

నూకరత్నం గుమ్మంలో నిలబడి అంతా వింది. "ఆ పట్టీ సరిచేస్తే ఈయనేటైపోతారు వదినా?" అంది. ఫైనల్ పదహారు రోజుల్లో ఉంది. ఆ మ్యాచ్ తర్వాత వాడు రిటైరవుతానని ముందే చెప్పాడు.

"ఫైనల్ లోపల సరిసెయ్యప్పా," అన్నాడు వాడు. "నాను ఒక్క ఊపిరితోటే వెళ్తాను. గెలిస్తే గెలుస్తాం."

మర్నాడు మా డైరెక్టర్ చక్రపాణిగారికి అంతా చెప్పాను. ఆయన మంచి మనిషే. పెన్సిల్ చెక్కుకుంటూ ఓపిగ్గా విన్నారు.

"తల్లి మేడమ్, మీరొచ్చి నాకో మంచి వార్త చెప్పారు, అది మీకే తెలియట్లేదు," అన్నారు. "పట్టీ సరిగ్గా పనిచేస్తే జనం నిద్రపోతున్నారు. తప్పుగా పనిచేసినచోటే లేచి కూర్చుంటున్నారు. గాలి లోపలికి పోయిందా, బయటికి పోయిందా, టికెట్ కొన్నవాడికి ఎందుకు? ఫైనల్ అయ్యేదాకా ముట్టుకోకండి. వచ్చే ఏడు నియమమే మార్చేద్దాం. చప్పుడు ఆగకపోతే చాలు అందాం."

"మరి దాలినాయుడు?"

"వచ్చే ఏడు చూద్దాం."

ఆయన చెప్పింది తప్పని నేను రుజువు చేయలేను. నా ముల్లే ఆయన వైపు ఉంది. నాకు కష్టం అనిపించింది అక్కడే.

ఆ పదహారు రోజులూ గౌరీశు పొద్దున్నే అగరొత్తి ముందు కూర్చునేవాడు. గాలి లోపలికి వచ్చినప్పుడు అంగిలికి చల్లగా తగులుతుందని కనిపెట్టాడు. ఆ చల్లదనం తగలగానే ఆపేయడం నేర్చుకున్నాడు. రోజూ ఫోన్ చేసేవాడు. "అప్పా, తొమ్మిది." "అప్పా, పదకొండు." కూర్చుని పెడితే పద్నాలుగు దాకా వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ల మనిషి, నలుగురిలో పేరున్నవాడు, మొదటి తరగతి పిల్లాడిలా అంకెలు చెబుతుంటే నేను కాగితం మీద రాసుకునేదాన్ని.

నేనూ ఊరికే కూర్చోలేదు. గిడ్డంగిలో పద్నాలుగు మంది మూతుల ముందు దూది పింజలు వేలాడదీసి, దూది ఎటు కదిలితే అటు రాసుకుని, యంత్రానికి కొత్త ఒప్పు నేర్పాను. అది పట్టీల్లోకి ఎక్కించడానికి అయిదు నిమిషాల పని.

ఫైనల్ రోజు మధ్యాహ్నం స్టేడియం గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఆ అయిదు నిమిషాల పని చేయలేదు.

చక్రపాణిగారి మాట వల్ల కాదు. ఆ వంక నాకు దొరికింది, అంతే. నిజంగా అనుకున్నది ఇది. కూర్చుని పద్నాలుగు అంటే పరుగులో పది. ఇరవై వేల మంది ముందు, ఆఖరి ఆటలో, తమ్ముడి మెడ మీద అది కీచుమంటుంది. తెల్లారేసరికి పాత కూతలన్నీ తవ్వుతారు. కూత తెగనివాడన్న పేరు పోయి దొంగ అన్న పేరు మిగులుతుంది. నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, వాడికి కూడా.

సాయంత్రం వాడు బల్ల దగ్గరికి వచ్చాడు. "సరిసేసినావా?" అన్నాడు.

"చేశాను," అన్నాను.

"సరే అప్పా," అని మెడ ముందుకు పెట్టాడు. నేనే పట్టీ కట్టాను.

భీమవరం జట్టుతో ఆట. గౌరీశు చిన్న చిన్న కూతలకే వెళ్లాడు. తొమ్మిది సెకన్లు, పది, అంతే, వెనక్కి వచ్చేస్తున్నాడు. మూడుసార్లు అవతలివాళ్లకు చిక్కి ఔటయ్యాడు. జనానికి అర్థం కాలేదు. ఏమైంది ఇతనికి అని గోల చేశారు, తర్వాత ఆ గోల కూడా మానేశారు. ముల్లు ఇరవై అయిదు. పక్కన చక్రపాణిగారు గోళ్లు కొరుక్కుంటున్నారు.

ఆఖరి నిమిషంలో అనకాపల్లి ఒక పాయింటు వెనక ఉంది. ఆఖరి కూత, చావో రేవో. అవతల నలుగురే మిగిలారు. గౌరీశు నడిమి గీత దాటాడు.

అయిదో సెకనులో ఒకణ్ని చేత్తో తాకాడు. వెనక్కి తిరిగేలోపు మూలన ఉన్నవాడు చీలమండ అందుకున్నాడు. రెండోవాడు నడుం మీద పడ్డాడు. గౌరీశు ఇద్దరితో కింద పడి, మోచేతుల మీద పాకుతున్నాడు. పది సెకన్లు. జనం లేచి నిలబడ్డారు. పన్నెండు. కూత వినిపిస్తూనే ఉంది. ముల్లు తొంభై దాటి, నేనెప్పుడూ చూడని చోటికి వెళ్లింది. పద్నాలుగో సెకనులో ఆ గొంతు సన్నబడటం నేను విన్నాను. అంత గోలలోనూ విన్నాను. ఒక్క క్షణం వాడి పాకడం ఆగింది. కీచుమనే చప్పుడు కోసం ఎదురు చూశాడు. అది రాలేదు. అంతకుముందు పాకిన ఊపుకే ఒళ్లు ముందుకు జారి వాడి వేళ్లు గీతను తాకాయి.

మూడు పాయింట్లు. రిఫరీ చెయ్యెత్తాడు. జట్టు మొత్తం వచ్చి వాణ్ని భుజాల మీదికి ఎత్తింది. పై మెట్ల మీద ఎవరో చొక్కా విప్పి తిప్పుతున్నారు. మనుషులు అంత సంతోషంగా ఉండటం నా ఉద్యోగంలో నేను చూడలేదు.

గౌరీశు భుజాల మీది నుంచి విడిపించుకుని దిగాడు. మెడ పట్టీ ఊడదీసుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చాడు. వాడి వెనకే రిఫరీ వచ్చాడు.

"పద్నాలుగో సెకనులో గాలి పీల్చినాను," అన్నాడు గౌరీశు రిఫరీతో. "సల్లగా తగిలింది. ఇది పలకలేదు."

రిఫరీ తికమకపడ్డాడు. కూతకు వెళ్లినవాడు తానే ఔటని చెప్పుకుంటే ఏం చేయాలో ఏ నియమంలోనూ రాసి లేదు. ఊపిరి విషయంలో బల్ల మాటే ఆఖరు, అది మాత్రం రాసి ఉంది. రాసింది నేనే.

"మేడమ్, పట్టీ పలకలేదు కదా," అన్నారు చక్రపాణిగారు నెమ్మదిగా. "పట్టీ ఏం చెబితే అదే."

"పాయింటా, ఔటా మేడమ్?" అన్నాడు రిఫరీ.

గౌరీశు పట్టీని బల్ల మీద నా ముందు పెట్టాడు. వాడు రిఫరీ వైపు చూడటం లేదు. "నువ్వు సరిసెయ్యలేదు కదప్పా," అన్నాడు, నాకు మాత్రమే వినబడేలా. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

వెనక వాడి జట్టు ఇంకా గెంతుతోంది. నూకరత్నం రెండో వరసలో నిలబడి నా వైపే చూస్తోంది. జనం పాట అందుకున్నారు.

"ఔట్," అన్నాను. రిఫరీకి వినబడలేదు. మళ్లీ, గట్టిగా అన్నాను. "ఔట్. పట్టీ తప్పు. మొదటి రోజు నుంచీ తప్పే. నాకు తెలుసు."

విజిల్ మోగింది. పాట ఒక మూల నుంచి ఆగుతూ వచ్చింది. గౌరీశు తల ఊపి, వెళ్లి ఔటైనవాళ్ల బెంచీ మీద కూర్చున్నాడు. చెప్పేశాను కదా, ఇక నా వైపు చూస్తాడని చాలాసేపు ఎదురు చూశాను. వాడు మోచేతుల మీద గీరుకుపోయినచోట దుమ్ము తుడుచుకుంటూ కూర్చున్నాడు.